ఆక్రోపోరా పైకి లేవట్లేదు, రాయి మీదే పాకుతోంది

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలో ఆక్రోపోరా (కొమ్మలేసే పగడం) ముక్క రాయికి అంటించి నెలలు దాటింది, కొత్త కొమ్మ ఒక్కటీ రాలేదు, అడుగున మాత్రం పల్చటి పొరలా పరుచుకుంటోంది. పక్కనున్న మాంటిపోరా, అదీ పగడమే, శుభ్రంగా పళ్లెంలా విచ్చుకుంది. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), క్యాల్షియం 420 పీపీఎం. లైట్ పెంచాలా? పైగా రెండు కొసలు తెల్లబడ్డాయి, అదో టెన్షన్.

జవాబు 1: లైట్ జోలికి వెళ్లకండి. ఆక్రోపోరా చాలాసార్లు ముందు రాయిని గట్టిగా పట్టుకుని, ఆ తర్వాతే కొమ్మలేస్తుంది. తెల్ల కొసల్ని భూతద్దంతో చూడండి. కొస మీద గుండ్రటి చిన్న గొట్టం, చుట్టూ పల్చటి చర్మం ఉంటే అది పెరుగుదలే. అక్కడి పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) ముందుకు సాగుతూ పోతుంది, పగడం లోపల ఉండి గోధుమరంగునిచ్చే ఆల్గే (సూక్ష్మ నాచు) ఇంకా చేరక తెల్లగా కనిపిస్తుంది. చర్మం లేకుండా ఒట్టి అస్థిపంజరం కనబడితే మాత్రం కొస కాలినట్టే. నీళ్లలో పోషకాలు, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్, దాదాపు సున్నాలో ఉండి ఆల్కలినిటీ ఎక్కువైతే అలా జరుగుతుంటుంది.

జవాబు 2: నీటి ప్రవాహం సంగతి కూడా చూడండి. ఒకే జాతి పగడం జోరు ప్రవాహంలో పొట్టిగా, లావు కొమ్మలతో దట్టంగా పెరుగుతుంది, నెమ్మది నీళ్లలో సన్నగా, ఎడంగా సాగుతుంది. పంపు ఒకే వైపు సూటిగా కొట్టకుండా దిశ మారేలా పెట్టండి. ముక్కను మాత్రం కదపొద్దు.

ప్రశ్న అడిగినవారు: చూశానండి, గొట్టాలు స్పష్టంగా ఉన్నాయి, చర్మమూ ఉంది!

జవాబు 1: అయితే పెరుగుతోంది. ఆల్కలినిటీని 8 దగ్గరే నిలకడగా ఉంచండి చాలు.