ప్రతి 15 సెకన్లకు ఒకసారి ఆగిపోతున్న ఫైర్‌ఫాక్స్: సెషన్ ఫైలు పరిమాణం తగ్గించడం ఎలా?

నా లాప్‌టాప్ పాతది: విండోస్ 10, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. ఫైర్‌ఫాక్స్‌లో సుమారు 70 ట్యాబ్‌లు తెరిచి ఉంచుకోవడం నా పనికి తప్పనిసరి (దురలవాటు అని మీరు అనవచ్చు, కాదనను). వెబ్ ఫారమ్‌లో తెలుగు టైపు చేస్తుండగా రెండు మూడు సెకన్లపాటు అక్షరాలు కనిపించవు. డిస్క్ దీపం ఆరకుండా వెలిగి, ఆ తర్వాత ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా తెరమీదికి వస్తాయి.

కాష్ ఖాళీ చేశాను, ట్రబుల్‌షూట్ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేకుండా నడిపాను, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూశాను. ఏ మార్పూ లేదు. ఆ విరామం సరిగ్గా 15 సెకన్లకు ఒకసారి వస్తున్నదని గడియారం పెట్టుకుని గమనించిన తర్వాత, ఫైర్‌ఫాక్స్ లోపలి అమరికలు మార్చే అబౌట్ కాన్ఫిగ్ పేజీలో బ్రౌజర్.సెషన్‌స్టోర్.ఇంటర్వల్ విలువను 15000 నుంచి 60000 మిల్లీసెకన్లకు పెంచగా, అది నిమిషానికి ఒకసారికి మారింది. అంటే తెరిచిన ట్యాబ్‌ల వివరాలను డిస్క్‌లో భద్రపరిచే సమయంలోనే ఇది జరుగుతున్నదని నా అనుమానం. నా ఫైర్‌ఫాక్స్ సమాచారం ఉండే ప్రొఫైల్‌లోని సెషన్‌స్టోర్-బ్యాకప్స్ ఫోల్డర్‌లో రికవరీ ఫైలు (ఆ వివరాలను దాచే సెషన్ ఫైలు) పరిమాణం 18 ఎంబీ ఉంది. కేవలం చిరునామాలకు ఇంత చోటు అవసరమని నేను నమ్మను. విలువను ఇంకా పెంచితే, కరెంటు పోయినప్పుడు ఇటీవల తెరిచిన పేజీలు పోతాయి కనుక అది నాకు పరిష్కారం కాదు.

ట్యాబ్‌లను ఒక్కొక్కటిగా మూసి చూడనవసరం లేకుండా, ఆ ఫైలులో ఏ ట్యాబ్ ఎక్కువ చోటు ఆక్రమిస్తున్నదో తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?