"దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది..." తర్వాత "వారల"నా, "వారికి"నా?

పినాకిని తీరం:
ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగి, పసుపు రంగు గుర్తుతో (అవును, కాదు ఏదీ అనలేదని) మన దేశం పేరు కనపడినప్పుడల్లా తిక్కన గారి ఉద్యోగపర్వం పద్యం నోట్లోకి వచ్చేస్తుంది. ధర్మాన్నీ సత్యాన్నీ పాపం, బొంకు చెరుస్తుంటే ఆపగలిగీ ఊరుకుంటే చేటు తప్పదని రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో చెప్పే పద్యం. "సారపు ధర్మమున్ విమల సత్యముఁ..." అని మొదలుపెట్టి మూడో పాదం దాకా బాగానే వెళ్తాను, "లుపేక్ష సేసి రది" దగ్గర ఆగిపోతాను. తర్వాత "వారల చేటగుఁ గాని"యా, "వారికిఁ జేటగుఁ గాని"యా? ఉత్పలమాల గణాలకి రెండూ సరిపోతున్నాయి, యతి ఎలాగూ "వా" మీదే. మా తెలుగు మాస్టారు "వారికి" అనే పాడేవారని నా జ్ఞాపకం.

తెనాలి పాతపుస్తకాలు:
"వారల" అండీ, సందేహం వద్దు. నా దగ్గరున్న ప్రతిలోనూ అదే. మీ మాస్టారు "చేటగు" అని చకారంతో పాడి ఉంటే సగం జవాబు దొరికినట్టే. "వారికిన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), దాని మీద "చేటు" వస్తే సరళాదేశం జరిగి, అంటే చకారం జకారమై, "జేటు" కావాలి. "వారల" కళ (ఆ నకారం లేని మాట) కాబట్టి చకారం చకారంగానే నిలుస్తుంది.

పినాకిని తీరం:
ఆయన "జేటగు" అనేవారో "చేటగు" అనేవారో అదే గుర్తు రావడం లేదండీ.

రాయబారి:
అర్థంలో తేడా వస్తుంది కదా, అది చూడండి ముందు. "వారికిఁ జేటగు" అంటే ఊరుకున్నవాళ్లకే నష్టం. "వారల చేటగు" అంటే షష్ఠి. వాళ్లకు వచ్చే చేటా, వాళ్లు తెచ్చిపెట్టిన చేటా? రెండూ చెప్పుకోవచ్చు. 2023 అక్టోబరు 27న గాజా తీర్మానం మీద మనవాళ్లు గైర్హాజరు ఓటు (సభలో ఉండీ ఎటూ వేయకపోవడం) వేసి, అక్టోబరు 7 ఉగ్రదాడి ప్రస్తావన అందులో లేదని కారణం చెప్పారు, డిసెంబరు 12న అనుకూలంగా వేశారు, 2025 జూన్ 12న 149 దేశాలు అవునంటే మళ్లీ పక్కకు తప్పుకున్న 19 దేశాల్లో చేరారు, అదే ఏడాది సెప్టెంబరులో పాలస్తీనా సమస్యకు రెండు దేశాల పరిష్కారం కోరే న్యూయార్క్ డిక్లరేషన్‌కి అవునన్నారు. ఈ ఊగిసలాటలో చేటు ఎవరిది, ఎవరివల్ల అనేదే నన్ను పట్టుకున్న ప్రశ్న, అది ఆ "ల"లోనే ఉంది.

ఓరుగల్లు కోట:
మీరంతా "ల" దగ్గర కూర్చున్నారు, అసలు మాట "దక్షులు". వ్యాసుడి శ్లోకం పక్కన పెట్టుకుని చూడండి: "హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". అక్కడ చూస్తూ కూర్చున్న సభ్యులందరూ చచ్చినట్టే. తిక్కన ఏం చేశాడు? "ప్రేక్షమాణానాం" తీసేసి "ఉపేక్ష" పెట్టాడు, "సభాసదః" తీసేసి "దక్షులు" పెట్టాడు. ఆపగలిగిన శక్తి ఉండి ఆపనివాళ్లకే పాపం అంటగట్టాడు. చేతకానివాణ్ణి వదిలేశాడు. కాబట్టి చేటు "వారల"దా "వారికి"నా అని తేల్చేముందు, న్యూయార్క్‌లో ఆ పసుపు గుర్తు పెట్టినవాళ్లలో దక్షులెవరో తేల్చాలి.

రాయబారి:
అన్నా, "ఉపేక్ష"ని తేలిగ్గా దాటేశారు. అర్థశాస్త్రంలో షాడ్గుణ్యం (పరరాజ్యాలతో రాజు నడుచుకునే ఆరు పద్ధతులు) చెప్పేచోట కౌటిల్యుడు "ఉపేక్షణమాసనం" అంటాడు. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం, ఈ ఆరింటిలో ఆసనానికి, అంటే కదలకుండా కూర్చోవడానికి, నిర్వచనమే ఉపేక్ష. తిక్కన స్వయంగా మంత్రి, నీతిశాస్త్రం ఎరిగినవాడు, ఆ మాట ఊరికే వాడడు. నా ఉద్దేశంలో ఇక్కడ "ఉపేక్ష" అంటే అచ్చంగా ఇవాళ్టి గైర్హాజరు ఓటు. 2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి 141 అవును, 5 కాదు, 35 గైర్హాజరు. ఆ 35లో మనమూ చైనా ఉన్నాం. అప్పుడు ఖార్కివ్‌లో, సుమీలో మన మెడికల్ విద్యార్థులు చిక్కుకుని ఉన్నారు, మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మొత్తం 20,000 మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తేవాల్సి వచ్చింది. సేనకు కావాల్సిన విడిభాగాలు రష్యావి. అలాంటప్పుడు కూర్చోవడం కూడా ఒక విధానమే.

ఓరుగల్లు కోట:
ఆసనం ఎప్పుడు చెయ్యాలో కూడా అదే ప్రకరణంలో ఉంది తమ్ముడూ. శత్రువు నన్ను దెబ్బతీయలేడు, నేనూ అతన్ని దెబ్బతీయలేను అనుకున్నప్పుడు. అంటే ఆసనం చాలనివాడి ఎత్తుగడ. తిక్కన చెప్పేది చాలినవాడి గురించి. "దక్షులు" అన్న మాట ఉన్నంతవరకు ఇక్కడ "ఉపేక్ష" కౌటిల్యుడి పారిభాషికం కాలేదు. మామూలు అలక్ష్యమే.

తెనాలి పాతపుస్తకాలు:
నెహ్రూ కాలం నుంచీ ఈ లెక్కలున్నాయి లెండి. 1956 నవంబరులో హంగరీ మీద సోవియట్ సేనలు పడ్డప్పుడు, ఐరాస పర్యవేక్షణలో ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి మన ప్రతినిధి కృష్ణ మీనన్ వ్యతిరేకంగానే ఓటు వేశారు. తర్వాత 1957 ఫిబ్రవరిలో కశ్మీర్ మీద భద్రతామండలిలో సోవియట్ వీటో మనకు అక్కరకొచ్చింది. బదులుకు బదులు అని నేననను, కానీ ఢిల్లీలో ఎవరూ మర్చిపోలేదు.

పినాకిని తీరం:
మా నెల్లూరివాడి గురించి ఒక మాట చెప్పనివ్వండి. నెల్లూరి రాజు మనుమసిద్ధి సింహాసనాన్ని దాయాదులు అక్కన బయ్యనలు లాక్కుంటే, ఆయన మంత్రి తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుడి సాయం అడిగి తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్రం అనే పాత కావ్యం చెప్తుంది. అంటే ఆయన రాయబారం కవిత్వంలోనే రాయలేదు, చేశాడు కూడా. బలమున్న రాజు ముందు నిలబడి, మీరు ఊరుకుంటే మా ఇల్లు మునుగుతుంది అని చెప్పుకున్న మనిషి "సభాసదః"ని "దక్షులు"గా మార్చాడంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ మార్పు పుస్తకం చూసి చేసింది కాదని నా గట్టి నమ్మకం. సంధి పద్యాలంటే జనం తిరుపతి వేంకట కవుల "చెల్లియొ చెల్లకో" దగ్గరే ఆగిపోతారు. స్టేజీ మీద దాని వైభవం దానిదే. కానీ కొలువులో బతికినవాడి బరువు తిక్కన మాటల్లోనే ఉంది.

ఓరుగల్లు కోట:
మా గణపతిదేవుడు ఉపేక్ష చేయలేదని ఒప్పుకున్నందుకు సంతోషం. అయితే అదే సిద్ధేశ్వర చరిత్రంలో తిక్కన ఆ కొలువులో భారతకథ వినిపించాడని కూడా ఉంది. అప్పుడు ఏది ముందు? అనుభవం నుంచి పద్యమా, పద్యం చేతపట్టుకుని వెళ్లాడా?

పినాకిని తీరం:
మనుమసిద్ధికి అంకితమిచ్చింది నిర్వచనోత్తర రామాయణం. భారతం ఆ తర్వాతది, హరిహరనాథుడికి. అనుభవమే ముందు.

భీమవరం చెరువు:
నేను పద్యాలు ఎక్కువ చదువుకోలేదు, రొయ్యల సాగు మాది. "వారికి" అనే పాఠమే సరైనదని నాకనిపిస్తుంది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం వేసి సుంకాన్ని 50 చేసినప్పుడు, ఢిల్లీ ఎటూ తేల్చకపోతే ఆ చేటు ఎవరి చెరువుకు వస్తుందో మాకు తెలిసింది. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర పడిపోయి పట్టుబడికి ముందు రాత్రుళ్లు ఎంత టెన్షనో. ఆ ఉపేక్ష చేసింది మేం కాదు.

రాయబారి:
మీరు చెప్పింది "వారల" పాఠానికే బలం అండీ. వాళ్లు తెచ్చిన చేటు, అనుభవించింది మీరు. "వారికి" అయితే మీ మాట అందులో ఇమడదు. కానీ అమెరికా సంగతి కూడా చెప్పుకోవాలి, 2025 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ పెట్టిన తీర్మానానికి అమెరికా రష్యాతో కలిసి వ్యతిరేకంగా ఓటేసింది. ఆరోజూ మనం గైర్హాజరే. దక్షుల్లో మొదటివాడు ఎటు తిరుగుతాడో తెలియనప్పుడు కూర్చోవడం తప్పా?

తెనాలి పాతపుస్తకాలు:
సభాపర్వంలో భీష్ముడు ద్రౌపదికి ఇచ్చిన జవాబు తలుచుకోండి. ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేను అన్నాడు. ఓటు వేయకుండా మనవాళ్లు చదివే వివరణలన్నీ నాకు అలాగే వినపడతాయి. ఆ సభలో ఆయన్ని మించిన దక్షుడు లేడు.

ఓరుగల్లు కోట:
అదే సభలో వికర్ణుడు లేచాడు మాస్టారూ. దుర్యోధనుడి తమ్ముడు, అతని మాట చెల్లలేదు, కర్ణుడు గదిమి కూర్చోబెట్టాడు. దక్షుడు కాకపోయినా మాట్లాడాడు. 2022 మార్చిలో మనం పసుపు గుర్తు పెట్టిన రోజున నేపాల్, భూటాన్ ఆకుపచ్చ పెట్టాయి. తిక్కన "దక్షులు" అనడంతో ఇలాంటివాళ్లకు పద్యంలో చోటు లేకుండా పోయిందేమో, వ్యాసుడి "సభాసదః"లో ఉండేది. దీని మీద ఎవరైనా మాట్లాడండి.