మూడే పట్టాలు, రెండు గేజీలు: హుల్ట్స్‌ఫ్రెడ్–వెస్టర్విక్ లైను

ప్రశ్న:
స్వీడన్‌లో స్మోలాండ్ అడవుల్లోంచి వెళ్ళే హుల్ట్స్‌ఫ్రెడ్–వెస్టర్విక్ పాత నేరోగేజీ లైను (సుమారు 70 కి.మీ.) మోడల్ 1:87లో (అసలులో 87వ వంతు సైజులో) చేయాలనుకుంటున్నాను. దాని గేజీ (రెండు పట్టాల మధ్య దూరం) 891 మి.మీ. యెన్ని స్టేషన్ నుంచి వెస్టర్విక్ దాకా 1435 మి.మీ. గేజీ బళ్ళు కూడా అదే దారిలో, మూడే పట్టాల మీద నడుస్తాయి. 891 అనే లెక్క ఎక్కడిది? పాయింట్లు (దారి చీలే చోట్లు) ఎలా వేయాలి?

జవాబు 1:
891 అంటే మూడు స్వీడిష్ అడుగులు, ఒక్కోటి 296.9 మి.మీ. మన నౌపడ–గుణుపురం లైను బ్రాడ్‌గేజీకి మారకముందు నేరోగేజీ 762 ఉండేది, అంటే రెండున్నర ఇంగ్లీషు అడుగులు. ఎవరి అడుగు వాళ్ళది!
ఒక పక్క పట్టా రెండు గేజీలకీ ఉమ్మడి. అవతలి రెండు పట్టాల లోపలి అంచుల మధ్య తేడా 544 మి.మీ., కాబట్టి పట్టా అడుగుకి (కింది వెడల్పు భాగానికి) రెండు వైపులా మేకులు కొట్టడానికి చోటు దండిగా ఉంటుంది. అదే 1000, 891 జత అయితే తేడా 109 మాత్రమే, రెండు పట్టాల అడుగులూ పట్టవు.
1:87లో 891 అంటే 10.24 మి.మీ. బజార్లో దొరికే 9 మి.మీ. ట్రాక్ 783కి సమానం. అది వాడొద్దు, పట్టాలు చేత్తో వేసుకోండి.

జవాబు 2:
పాయింట్లకి ముందు ఒకటి తేల్చుకోండి: నేరోగేజీ ఎటు విడిపోతుంది? ఉమ్మడి పట్టా వైపుకి విడిపోతే లోపలి పట్టా (మూడింటిలో నడిమిది) ఒక్కటే ఉమ్మడి పట్టాని దాటాలి, ఒక్క క్రాసింగ్‌తో (ఒక పట్టా ఇంకోదాన్ని దాటే చోటు, అక్కడ పట్టాలో ఖాళీ ఉంటుంది) పని అయిపోతుంది. ఎదురు వైపుకి అయితే నేరోగేజీ పట్టాలు రెండూ పెద్ద గేజీ పట్టాని దాటాలి, రెండు క్రాసింగులు. ప్రతి క్రాసింగ్‌కీ ఎదురుగా చెక్ రైలు (అవతలి చక్రాన్ని పట్టి ఉంచే అదనపు పట్టా) తప్పనిసరి. లేకపోతే ఆ ఖాళీ దగ్గర ఫ్లాంజ్ (చక్రం లోపలి అంచు) తప్పుదారి పట్టి బండి దిగిపోతుంది.

జవాబు 3:
ఒక మాట కలుపుతాను. రెండు బళ్ళ నడిమి గీతలూ 272 మి.మీ. పక్కకి ఉంటాయి, కాబట్టి ఒకదానికొకటి మామూలు కప్లింగ్‌తో తగిలించలేరు. అసలు లైన్లో ఉమ్మడి పట్టా మీద రెండు గేజీల చక్రాలూ నడుస్తాయి, అదే ముందు అరుగుతుంది. గేజీ కొలిచేటప్పుడు ప్రతిచోటా ఉమ్మడి పట్టా నుంచి రెండుసార్లు కొలవాలి: 891, 1435. రెండూ ఒకేలా తేడా చూపిస్తే జరిగింది ఉమ్మడి పట్టా. 891 ఒక్కటే తప్పితే లోపలి పట్టా మేకులు వదులయ్యాయి, సాధారణంగా అక్కడ చెక్క స్లీపరు కుళ్ళి ఉంటుంది. సుత్తితో తట్టండి, కుళ్ళినది బోలుగా మోగుతుంది. అడవిలో ఆకులు పడి పక్క కాలువ పూడితే నీళ్ళు కంకరలో నిలిచి, చలికాలం గడ్డకట్టి పట్టాని పైకి నెడతాయి. అందుకే ముందు కాలువ తీయాలి, స్లీపరు తర్వాత.