అప్‌డేట్: స్పెయిన్‌లో టూరిస్టుల గోల లేని పల్లె, వెళ్లొచ్చాం

మాడ్రిడ్ నుంచి ఒక్కరోజులో చూసి రాగలిగే, జనం లేని పల్లె చెప్పమని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన కలతన్యసోర్‌కే వెళ్లాం. సోరియా నగరం నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. కారు లేకపోతే కష్టం, తీసుకుని మంచి పని చేశాం.

ఊరంతా కొండ మీద ఒకే రాళ్ల వీధి. మట్టి ఇటుకల గోడల మధ్య సబీనా (ఒక రకం జూనిపర్) చెట్ల దూలాలు, పైన శంకువుల్లా పొగగొట్టాలు. చివర కూలిన కోట. కింద లోయలో రాబందులు గిరికీలు కొడుతుంటే మా అత్తమ్మ "మన గద్దలే కదా" అన్నారు. నిజానికి ఊరి పేరే అరబ్బీలో "రాబందుల కోట" అట! 1002లో అల్మన్సోర్ అనే ముస్లిం సేనాని ఇక్కడే యుద్ధంలో ఓడి, డోలు పోగొట్టుకున్నాడని ఊరి కథ. చరిత్రకారులు నమ్మరు. అయినా అతని విగ్రహం మాత్రం ఉంది.

తిండి దగ్గరే టెన్షన్ పడ్డాం. సోరియా వైపు పేరున్నది తొర్రెజ్నో, అంటే వేయించిన పంది పొట్ట మాంసం. శాకాహారులకు బంగాళాదుంప ఆమ్లెట్టే గతి, అదీ గుడ్డు తింటేనే. అత్తమ్మ మేం తెచ్చుకున్న పులిహోర తిన్నారు. మధ్యాహ్నం రెండుకు ముందు భోజనం అడిగితే వింతగా చూస్తారు.

పక్కనే ఉన్న సబీనా అడవికి మాత్రం గంట చాలదు. మేం తొందరపడ్డాం, ఇప్పటికీ బాధగా ఉంది.