ముంజేతి గాయం: గాజు పెంకు తీసేశాక కూడా ‘విత్ ఫారిన్ బాడీ’ అనే వేయాలా?

ప్రశ్న (హనుమకొండ):
నాలుగు నెలలుగా అమెరికా ఎమర్జెన్సీ ఛార్టులకు ఐసీడీ-10-సీఎం (జబ్బులకు, గాయాలకు అమెరికాలో వాడే కోడ్ల పద్ధతి) కోడ్లు వేస్తున్నాను. నిన్నటి ఛార్టులో డయాగ్నసిస్ దగ్గర ‘రైట్ ఆర్మ్ లాసరేషన్’ (కుడి చేతికి చీరుకుపోయిన గాయం) అని మాత్రమే ఉంది. డాక్టరు గాజు పెంకు తీసి, ఐదు కుట్లు వేసి పంపించారు. నేను ఎస్ 41.111 ఏ (కుడి పై చేతి గాయం, లోపల ఫారిన్ బాడీ, అంటే బయటి వస్తువు లేనిది) వేస్తే ఆడిటర్ తప్పు పట్టారు. పెంకు తీసేశారు కదా, ఇక ఫారిన్ బాడీ ఎక్కడుంది?

జవాబు (వరంగల్):
మీ పొరపాటు అర్థం చేసుకోదగ్గదే, ఎందుకంటే ఇండెక్సులో ఒట్టి ‘ఆర్మ్’ అని చూస్తే అది ఎస్ 41.11కే, అంటే పై చేతికే పంపుతుంది. మనం భుజం నుంచి వేళ్ల దాకా అంతా ‘చెయ్యి’ అనే అంటాం గానీ, కోడ్ పుస్తకానికి రెట్ట వేరు, ముంజేయి వేరు: భుజం, రెట్ట ఎస్ 41లో, మోచేయి, ముంజేయి ఎస్ 51లో, మణికట్టు, వేళ్లు ఎస్ 61లో ఉంటాయి. ప్రొసీజర్ నోట్ చదివారా? అందులోనూ చోటు తేలకపోతే ఊహించకుండా డాక్టరుకు క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపండి. పెంకు సంగతికొస్తే, రోగి వచ్చినప్పుడు గాయంలో అది ఉందా లేదా అన్నదే లెక్క, తీసేసినంత మాత్రాన కోడ్ మారదు.

ప్రశ్న వేసినవారు:
చదివాను. ‘మోచేతికి నాలుగు సెంటీమీటర్ల దిగువన, ముంజేతి లోపలి వైపు’ అని స్పష్టంగా ఉంది. అంటే ఎస్ 51.821 ఏ (కుడి ముంజేతి గాయం, ఫారిన్ బాడీతో). కుట్లు విప్పించుకోవడానికి పది రోజులకు వచ్చిన విజిట్‌కు జెడ్ 48.02 సరిపోతుందా?

జవాబు (కరీంనగర్):
సరిపోదండీ. గాయాలకు ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) జెడ్ కోడ్లు వాడకూడదు. అదే గాయం కోడ్‌కు ఏడో అక్షరంగా డి (గాయం మానే దశలో వచ్చే విజిట్‌కు గుర్తు) పెట్టి ఎస్ 51.821 డి వేయాలి. ఏడో అక్షరం ‘ఏ’ అంటే మొదటిసారి రావడమని చాలామంది పొరబడతారు గానీ, అది చురుకైన చికిత్స జరుగుతున్న కాలానికి గుర్తు. ఇంకో మాట, పెంకు టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) కూడా తెంపిందని నోట్‌లో ఉంటే ఎస్ 56 (ముంజేతి కండరాలు, టెండన్ల గాయాలు) కోడ్ కూడా చేర్చాలి, కనుక ఆ ఒక్క పేరాను మళ్లీ చూసి ఛార్టు మూసేయండి.