గుమిహో కాలేయం తినడం మానేస్తే ఇంక శత్రుత్వమేముంది?

రాత్రిబండి:
శత్రువులు ప్రేమికులయ్యే కథలంటే నాకు ప్రాణం. అందుకే ఈ గొడవ పెట్టుకుంటున్నా. కొరియా పురాణాల మీద అల్లిన ఇప్పటి ఫాంటసీల్లో వరస ఇదీ: ఆమె గుమిహో, అంటే తొమ్మిది తోకల నక్క. అతను ఆమెను పట్టుకోవడానికి వచ్చిన దేవుడో, జొసుంగ్ సాజా అనే యమదూతో. సియోల్‌లో ఏ కాఫీ షాపులోనో ఎదురుపడతారు. కాసేపు మాటకు మాట. ఆ వెంటనే అతని భుజాల వర్ణన! సత్యభామ అలకకీ, అదే సత్యభామ నరకాసురుడి మీదికి విల్లెత్తడానికీ తేడా లేదా? వీళ్లు రాసేది మొదటిది, అట్ట మీద అచ్చేసేది రెండోది.

జానపద కథల్లో గుమిహో మనిషి కాలేయం తింటుంది. 2010లో ఎస్‌బీఎస్ అనే కొరియా టీవీ చానెల్‌లో వచ్చిన 'మై గర్ల్‌ఫ్రెండ్ ఈజ్ ఎ గుమిహో' సీరియల్‌లో ఆ పిల్లకి గొడ్డు మాంసం అంటే పిచ్చి. నేనూ నవ్వాను, కాదనను. కానీ ఎవర్నీ తినని నక్కతో గొడవేంటి అసలు?

గోంగూరకిమ్చి:
కాలేయం ఒక్కటే పట్టుకుంటే ఎలా అక్కా? నక్క పూస కథ మర్చిపోయారు. ఊరి బడికి వెళ్లే కుర్రాడికి దారిలో రోజూ ఒక అందగత్తె ఎదురై ముద్దు పెడుతుంది. ముద్దులో ఒక పూస ఆమె నోట్లోంచి వాడి నోట్లోకి, మళ్లీ ఆమె నోట్లోకి. వాడు రోజురోజుకీ చిక్కిపోతుంటాడు. గురువు కనిపెట్టి, "ఈసారి మింగెయ్, మింగి ముందు ఆకాశం చూడు, తర్వాత నేల చూడు" అంటాడు. వాడు మింగేస్తాడు, కంగారులో నేల మాత్రమే చూస్తాడు. అందుకే మనుషులకి భూమి సంగతులు తెలుసు, ఆకాశం సంగతులు తెలియవట. ముద్దూ హత్యా ఒకే పని అయిన కథ ఇది. ప్రేమ కథకి ఇంతకంటే విత్తనం ఏం కావాలి?

రాత్రిబండి:
విత్తనమే, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్లకి ప్రేమ ఎక్కడుంది తమ్ముడూ? బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, దీని బలమంతా పూసలో ఉంది. కుర్రాడు బాలవర్ధిరాజు పని చేశాడు, అంతే.

శత్రువంటే ఎలా ఉండాలో 'నక్క చెల్లెలు' కథలో చూడు. అందరూ కొడుకులే ఉన్న ఇంట్లో మొక్కుకుంటే పుట్టిన కూతురు. రాత్రికో పశువు చస్తుంటే అన్న కాపలా కాస్తాడు. చెల్లెలు చేతికి నువ్వుల నూనె రాసుకుని, ఆవు వెనక నుంచి చెయ్యి లోపలికి పెట్టి, కాలేయం లాగి పచ్చిగా తింటోంది. ఇంత చూసి తండ్రికి చెబితే తండ్రి వాణ్ణే ఇంట్లోంచి తరిమేస్తాడు. ఆ నూనె చెయ్యి చూశాక కూడా ప్రేమించేలా రాయగలిగితే అప్పుడు దండం పెడతా.

మంజీరాఒడ్డు:
ఇద్దరూ అసలు సంగతి ఇడిసిపెట్టిన్రు. తిన్నోళ్ల గురించి మాట్లాడుతున్రు, తినబడ్డోళ్ల గురించి ఎవరన్నా అడిగిన్రా? నేను చదివిన ఒక నవలల హీరోయిన్ వందల మందిని చంపింది, అందరూ "చెడ్డ మగవాళ్లు" అని ఒక్క వాక్యంల తేల్చేసిన్రు. గంతే. నాకు ఆడనే పుస్తకం మూసెయ్యబుద్ధైంది, మూసిన గూడ.

గోంగూరకిమ్చి:
అన్నా, మన దగ్గర విరోధ భక్తి లేదా? ఏడు జన్మలు భక్తులుగానా, మూడు జన్మలు శత్రువులుగానా అంటే జయవిజయులు మూడే కోరుకున్నారు. పగ ఉన్నవాడు ఎదుటివాణ్ణి క్షణం మర్చిపోడు. ఈ రకం కథ నడిచేదే దాని మీద. లెక్కలు అడిగితే ఏ ప్రేమా నిలబడదు.

మంజీరాఒడ్డు:
జయవిజయులకు శాపం ఉండె తమ్మీ, శిక్ష పడ్డంకనే ఈ బేరం. కొరియావాళ్ల కథలల్ల గూడ బేరం ఉంటది. 13వ శతాబ్దపు కొరియా గాథల పుస్తకం 'సంగుక్ యుసా'ల ఎలుగుబంటి, పులి మనిషి కావాలంటయి. ఆకాశ దేవుడి కొడుకు హ్వనుంగ్ వాటికి మాచిపత్రిలాంటి ఆకు, ఇరవై వెల్లుల్లి ఇచ్చి, వంద రోజులు ఎండ చూడొద్దంటడు. పులి మధ్యలనే లేచిపోయింది. ఎలుగుబంటి ఓర్చుకుంది, 21 రోజులకే ఆడమనిషైంది. ఆమె కొడుకే దన్‌గున్, కొరియాల మొదటి రాజ్యం పెట్టినోడంటరు. మనిషిగ మారుడు అంటే గట్ల ఉంటది, నోరు మంటతోని, చీకట్ల. ముద్దుతోని కాదు. గుమిహో హీరోయిన్‌కి ఎన్ని వెల్లుల్లిపాయలు పెట్టిన్రు మీ రచయితలు?

రాత్రిబండి:
ఇరవై వెల్లుల్లి! ఇది నాకు దక్కింది. నా గొడవ కాలేయం గురించి అనుకున్నా, అసలు వెల్లుల్లి గురించన్నమాట. అయినా అన్నా, నక్కని ఒక్కదాన్నే గుహలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. వేటగాడూ కూర్చోవాలి. అతనికి చంపే అధికారం ఎవరిచ్చారని ఈ పుస్తకాల్లో ఎవరూ అడగరు. కత్తి అతని నడుముకి ఉన్నంతసేపు ఆమె "నిన్ను ప్రేమిస్తున్నా" అంటే నేను నమ్మను.

గోంగూరా, నీ కుర్రాడు పూస మింగకుండా, అన్నీ తెలిసి, దాన్ని తిరిగి ఆమె నోట్లోనే పెడితే? తన ప్రాణం పోతుందని తెలిసీ? అలాంటిది ఎవరైనా రాస్తే ముందు నాకు చెప్పండి.

గోంగూరకిమ్చి:
నేనే మొదలుపెట్టానక్కా, నవ్వకండి. మూడో అధ్యాయం దగ్గర ఆగింది. ఎన్నిసార్లు తిరగరాసినా వాడు మింగేస్తున్నాడు.