సొంత కొట్టు ఉన్నవాళ్లకి రిటైర్మెంటు ఖాతా: పీపీఎఫ్ మేలా, ఎన్‌పీఎస్ మేలా?

గాంధీరోడ్డు_కొట్టు
తిరుపతిలో పూజాసామాన్ల కొట్టు. వయసు 34. పీఎఫ్ లేదు, కొత్త విధానంలో పన్ను కడతాను. నెలకు ఆరేడు వేలు తీయగలను, బ్రహ్మోత్సవాలప్పుడు ఇంకాస్త. 60 దాటాక చేతికి రావాలంటే ఏ ఖాతా మేలు? ప్రభుత్వ పథకం అటల్ పెన్షన్ సరిపోతుందా?

పద్దుల_పెద్దాయన
అటల్ పెన్షన్ నీకు కుదరదు తమ్ముడూ. 2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లని చేర్చుకోవడం లేదు. కొత్త విధానంలో 80సీ (పొదుపులకిచ్చే పన్ను మినహాయింపు) లేదు, ఎన్‌పీఎస్‌కి (జాతీయ పెన్షన్ పథకం) విడిగా ఇచ్చే 50 వేల మినహాయింపూ లేదు. కాబట్టి పన్ను మిగులుతుందని ఎవరైనా ఫారం పట్టుకొస్తే సంతకం పెట్టొద్దు. డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుంది, తీసేటప్పుడు పన్ను పడుతుందా, ఈ రెండే చూడు.

నా ఓటు ముందు పీపీఎఫ్‌కి, అంటే ఎవరైనా తెరవగల ప్రభుత్వ భవిష్య నిధి ఖాతాకి. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం 1.5 లక్షలు. 2020 ఏప్రిల్‌లో వడ్డీ 7.1 శాతానికి తగ్గింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే నడిచింది. వడ్డీకి పన్ను లేదు. నెలనెలా కట్టాలన్న నియమం లేదు కాబట్టి సీజన్ వ్యాపారానికి సరిపోతుంది.

అందరూ పోగొట్టుకునేది తేదీ దగ్గరే. 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వకే ఆ నెల వడ్డీ. 1.5 లక్షలు ఏప్రిల్ 5లోపు వేస్తే ఆ ఏడాది 10,650 వస్తుంది. అదే నెలకు 12,500 చొప్పున 5లోపు వేస్తే మొదటి ఏడాది సుమారు 5,769. మార్చి నెలాఖరులో వేస్తే ఆ ఏడాదికి సున్నా. చెక్కు ఇస్తే డబ్బు జమైన రోజే లెక్క, ఇచ్చిన రోజు కాదు.

రేణిగుంట_షిఫ్టు
పెద్దాయనా, 34 ఏళ్ల మనిషికి 26 ఏళ్లు మొత్తం 7.1లోనే ఎందుకు? ఎన్‌పీఎస్‌లో షేర్ల వాటా ఎంచుకోవచ్చు. యాక్టివ్ చాయిస్‌లో 75 శాతం దాకా మనమే పెట్టుకోవచ్చు. వయసును బట్టి వాటా దానంతటదే మారే ఆటో చాయిస్‌లో ఎల్‌సీ50 అనే రకం అయితే 35 ఏళ్ల దాకా సగం షేర్లు, తర్వాత ఏటా తగ్గుతాయి. కనీసం ఏడాదికి 1,000 కడితే చాలు.

పద్దుల_పెద్దాయన
నిజమే, కానీ తాళం గట్టిది. మూడేళ్ల తర్వాత మనం కట్టిన దాంట్లో 25 శాతం, అదీ పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు, జబ్బు లాంటి కారణాలకే. పెరిగిన లాభం ఆ లెక్కలోకి రాదు. 2025 డిసెంబర్ మార్పులతో ప్రభుత్వేతర ఖాతాల్లో 60 ఏళ్లకి 8 లక్షల దాకా ఉంటే మొత్తం తీసుకోవచ్చు. 12 లక్షలు దాటితే కనీసం 20 శాతంతో యాన్యుటీ (ఒకేసారి డబ్బు కట్టి తర్వాత పెన్షన్ అందుకునే బీమా పథకం) కొనాలి. ఆ పెన్షన్‌కి మన స్లాబు ప్రకారం పన్ను ఉంటుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

తోతాపురి_తోట
ఇది చిత్తూరు వైపు మామిడి రైతులకి, పల్ప్ ఫ్యాక్టరీ కూలీలకి. పన్ను కట్టనివాళ్లు, 18 నుంచి 40 లోపు వాళ్లు అటల్‌లో చేరొచ్చు. 5,000 పెన్షన్‌కి 18 ఏళ్లకి చేరితే నెలకు 210, 30కి 577, 40కి 1,454. ఎంత ఆలస్యమైతే అంత బరువు. నెలనెలా కాకుండా ఆరు నెలలకోసారి కట్టే వీలుంది. కాయ డబ్బు చేతికొచ్చే నెలకి కుదుర్చుకుంటే ఖాతాలో నిల్వ లేక జరిమానా పడే బెడద తప్పుతుంది.

గాంధీరోడ్డు_కొట్టు
రెండూ తెరిస్తే? పీపీఎఫ్ ఎప్పుడు తెరవాలి?

పద్దుల_పెద్దాయన
తెరవొచ్చు. నెలకు 4 వేలు పీపీఎఫ్, 2 వేలు ఎన్‌పీఎస్, ఉత్సవాల మిగులు పీపీఎఫ్‌కి. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, అది లెక్కేసేది ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక. అందుకే ఏప్రిల్‌లో కంటే మార్చిలో 500తో తెరిస్తే గడువు ఏడాది ముందే తీరుతుంది. 15 ఏళ్లయ్యాక ఇంకా కట్టాలనుకుంటే ఏడాదిలోపు పొడిగింపు ఫారం ఇవ్వాలి. ఇవ్వకుండా వేసిన డబ్బుకి వడ్డీ రాదు.

రేణిగుంట_షిఫ్టు
వెళ్లే ముందు ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి చూడన్నా. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటే ఎన్‌పీఎస్ బ్యాంకు ఖాతా సరిచూసే దగ్గర ఆగిపోవచ్చు. ముందు పేరు దిద్దించుకో, నామినీ పేరు కూడా ఆధార్‌లో ఉన్నట్టే రాయించు.